ఒక్క కేక

మిట్టమధ్యాహ్నం పన్నెండు!

సూర్యుడు నడినెత్తిన నిప్పులు చెరగవలసిన వేళ... ఆకాశం కాటుక కలిపిన నీళ్ళలా నల్లబడింది. మేఘాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, మదమెక్కిన ఏనుగుల మందలా ఘీంకరిస్తున్నాయి. ఉండీ ఉండీ ఒక మెరుపు నగరాన్ని నిలువునా చీల్చి, మళ్ళీ చీకట్లోకి తోసేస్తోంది. పట్టపగలు ఎక్కడో ఒక గుడ్లగూబ కూసింది. ఒకసారి కాదు... మూడుసార్లు!

ఆ కూతకు బదులుగా, ఊరి చివర మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీలో ఒక వికృతమైన నవ్వు వినిపించింది.

తుప్పుపట్టిన కాగుల నడుమ, మసితో గీసిన వలయంలో, నల్లదుప్పటి కప్పుకున్న మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడి ఎదుట ఒక కపాలం. చిన్నది... స్త్రీది! ఆ కళ్ళగుంటల్లో రెండు ఒత్తులు మిణుకుమిణుకుమంటున్నాయి. వాడు తన బొటనవేలు కోసుకుని, ఆ నుదుటి ఎముకమీద మూడు చుక్కల నెత్తురు విడిచాడు. చుక్క పడ్డ చోటల్లా సుయ్యిమని పొగ లేచింది.

"లే! లే, దాసీ! నేను కట్టిన కట్టు తెగేదాకా నీకు చావు కూడా లేదు. లే!"

కపాలం పళ్ళు టకటకలాడాయి. అందులోంచి వచ్చింది మాట కాదు... ఏడుపు!

ఈ సంగతేదీ, అక్కడికి ఆరు మైళ్ళ దూరంలో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఆవిడకు తెలియదు.

ఆపదలో ఉన్నవాళ్ళు ఫోను చేస్తే తీసి, దారి చెప్పి, అంబులెన్సు పంపే ఉద్యోగం ఆవిడది. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. తోటివాళ్ళు ఎదురుగా 'పెద్దక్కా' అంటారు. చాటుగా పెట్టుకున్న పేరు మంచుగడ్డ. అవతల ఇల్లు తగలబడుతున్నా, మనిషి రెండు ముక్కలైనా, ఈవిడ గొంతు మాత్రం ఒక్క మెట్టు ఎక్కదు, ఒక్క మెట్టు దిగదు.

"మీ నెత్తిన పిడుగు పడ్డా, 'పడిన చోటు ఎక్కడండీ, దగ్గర్లో గుర్తేమైనా చెప్పండి' అనే రకం మీరు," అంది పక్క కుర్చీ పిల్ల, ఉరుముకి చెవులు మూసుకుంటూ.

"నెత్తే కదమ్మా, గుర్తు చెప్పడం తేలిక," అని నవ్వి పెద్దక్క మోగుతున్న లైను మీద వేలు పెట్టింది. నొక్కే ముందు ఒక్క రెప్పపాటు కళ్ళు మూసుకుంది. *తల్లీ, నా నోట నువ్వు మాట్లాడు.* ప్రతి ఫోనుకీ ఆమె అంతే. ఆ తల్లి ఎవరని అడిగితే పేరు చెప్పదు. "నన్ను కన్నమ్మని కన్నావిడ" అంటుంది.

పదినెలల బిడ్డ చొక్కా గుండీ మింగాడు. తల్లి పెడబొబ్బలు పెడుతోంది.

"అమ్మా, నేనున్నాను. బాబుని ముంజేతిమీద బోర్లా పడుకోబెట్టు. తల కిందికి. వీపుమీద, రెండు రెక్కల మధ్య, అరచేత్తో ఐదు దెబ్బలు. నేను లెక్కపెడతాను. ఒకటి..."

నాలుగో దెబ్బకు గుండీ బయటపడింది. బిడ్డ కెవ్వున ఏడ్చాడు. ఈ లోకంలో పెద్దక్కకు వినసొంపైన ఏడుపు అదొక్కటే.

అప్పుడు మోగింది... ఆ ఫోను!

తెరమీద నంబరు లేదు. చిరునామా లేదు. లైటు మాత్రం ఎర్రగా కొట్టుకుంటోంది.

"కంట్రోల్ రూమ్. చెప్పండి, ఏం జరిగింది?"

బుసబుసమని ఊపిరి... తడిసిన బొగ్గుల వాసన వైరులోంచి వస్తున్నట్టనిపించింది ఆమెకు.

"గుర్తున్నానా?" అంది అవతలి గొంతు. "ఎనిమిదేళ్ళు. నాలుగు గోడల మధ్య నీ గొంతు వింటూ బతికాను. కోర్టులో అందరి ముందూ మోగిన గొంతు! ఇవాళ ఆ గొంతులోంచి నాకొక కేక కావాలి. ఒక్క కేక! నువ్వు భయపడి కేక పెట్టిన మరుక్షణం నా హోమం పూర్తవుతుంది. నీ ఇంట్లో ఒక ప్రాణం కాదు... రెండు పోతాయి! నీ తమ్ముడు తాళం పగలగొట్టాడుగా... ఇప్పుడు వాడి కళ్ళముందే..."

లైను తెగలేదు. నవ్వు మాత్రం ఆగింది.

పెద్దక్క మరిచిపోతే కదా గుర్తు రావడానికి!

ఎనిమిదేళ్ళ కిందట, ఒక సాయంత్రం, ఒక ఆడపిల్ల గుసగుసగా ఫోను చేసింది. "అక్కా... నన్ను గదిలో పెట్టి తాళం వేశాడు. నాలో దయ్యం ఉందంటున్నాడు మా ఆయన. దయ్యం కాదక్కా, జ్వరం. నీళ్ళిచ్చి మూడురోజులైంది..." మొగుడు, అందరూ 'నల్లదుప్పటి' అని పిలిచే మంత్రగాడు. చుట్టుపక్కల పేటలన్నీ వాడి పేరు చెబితే హడలిపోయేవి. పెద్దక్క ఆ పిల్లతో ఇరవైమూడు నిమిషాలు మాట్లాడుతూనే ఉంది. అంబులెన్సు తోలుకుంటూ వెళ్ళినవాడు ఆమె సొంత తమ్ముడే. తాళం పగలగొట్టినవాడూ వాడే. లోపలికి అడుగుపెట్టేసరికి ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. ఊపిరి లేదు. ఆ రికార్డింగు కోర్టులో వినిపించారు. చచ్చిపోయిన పెళ్ళాం గొంతే మొగుణ్ణి జైలుకి పంపింది.

ఆ రాత్రి నుంచి పెద్దక్కకు ముద్ద సరిగా దిగదు. ఇంకో ఐదు నిమిషాల ముందు బండి చేరి ఉంటే... అన్న లెక్క ఇప్పటికీ తెగలేదు. ఆ లెక్క కింద ఇంకొకటి కూడా ఉంది. ఎవరికీ చెప్పనిది. వాడు చావాలి. కుళ్ళి కుళ్ళి చావాలి!

చేతిఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా! తొందరగా రా! నా పెళ్ళాం... ఇది మనిషిలా లేదక్కా! బీరువా ఎక్కి కూర్చుంది. ఎనిమిదోనెల కడుపుతో బీరువా ఎలా ఎక్కిందక్కా!"

పెద్దక్క చెవిలోంచి హెడ్‌ఫోను తీసి పక్క పిల్ల చేతిలో పెట్టింది. "మా ఇంటికి ఒక బండి రాసెయ్. నిండు గర్భిణి. డాక్టరమ్మ కూడా రావాలని చెప్పు."

"రోడ్డుమీద చెట్లు పడ్డాయక్కా. నలభై నిమిషాలు పట్టేట్టుంది."

"రానీ."

ఇల్లు వెనక వీధిలోనే, ఉద్యోగుల క్వార్టర్స్‌లో. వర్షం సూదుల్లా గుచ్చుతోంది. ఆమె పరిగెత్తలేదు. పరిగెడితే ఆయాసం వస్తుంది, ఆయాసంతో పాటు వణుకు వస్తుంది, వణికే చేతులు ఎవరికీ పనికిరావు. అది ఆమె రోజుకి వందమందికి చెప్పే మాట. ఇవాళ తనకు తాను చెప్పుకుంటూ, పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచింది. వెనకే ఒక రెక్కల చప్పుడు... తలమీదుగా ఎగిరి వాళ్ళ ఇంటి పిట్టగోడమీద వాలింది గుడ్లగూబ. రెండు కళ్ళూ ఆమెమీదే పెట్టి చూస్తోంది!

గుమ్మంలో తమ్ముడు కూలబడి ఉన్నాడు. నుదుటినుంచి నెత్తురు కారుతోంది.

"నేను పట్టుకోబోతే ఒక్క చేత్తో విసిరేసింది..."

"చొక్కా విప్పి గాయంమీద గట్టిగా నొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా లోపలికి రాకు. నోరు తెరవకు. అరవకు."

"అక్కా, దానికేమైనా అయితే..."

"తమ్ముడూ." ఆమె వాడి గడ్డం పట్టుకుంది. "నువ్వు బండి తోలేటప్పుడు నేను చెప్పిన దారిలోనే వెళ్తావు కదా? ఇప్పుడూ అంతే."

లోపల గది ఐసుపెట్టెలా ఉంది. ఊపిరి వదిలితే పొగ వస్తోంది. అద్దాలన్నీ పగిలి నేలంతా మెరుస్తున్నాయి. బీరువా మీద, పైకప్పుకి తల ఆనించి, గొంతుకూర్చుని ఉంది మరదలు. జుట్టు ముఖాన్ని కప్పేసింది. దాని సందులోంచి రెండు కళ్ళు... తెల్లగుడ్లు మాత్రమే! చేతిలో కూరగాయల కత్తి.

పొద్దున "వదినా, గొడుగు మర్చిపోయావ్" అని వెంటపడి ఇచ్చిన పిల్ల!

"వచ్చావా!" ఒక గొంతు కాదు... నాలుగైదు గొంతులు ఒకదానిలో ఒకటి దూరి పలికినట్టుంది. "అరువు! అరిచి ఏడువు! ఇరవైమూడు నిమిషాలు మాట్లాడించి మాట్లాడించి చంపినదానివి! చూడు... ఇప్పుడు దీని కడుపు చీలుస్తాను!"

పెద్దక్క చేతిలోని ఫోను దానంతటదే వెలిగింది. స్పీకరులోంచి బుసబుసమని ఊపిరి. వాడు వింటున్నాడు. కాచుకుని ఉన్నాడు... ఆ ఒక్క కేక కోసం!

కత్తి మొన పొట్టను తాకింది. గుడ్డ చిరిగింది. సన్నని ఎర్రటి గీత...

పెద్దక్క కడుపులోంచి కేక లేచింది. గొంతుదాకా వచ్చింది. నోరు తెరుచుకుంది కూడా! ఇంకొక్క క్షణం... ఒక్క క్షణం...

*తల్లీ! నా వల్ల కావడం లేదు. నా గొంతు నువ్వు తీసుకో!*

గొంతుదాకా వచ్చిన కేక అక్కడే కరిగిపోయింది. ఎవరో వెనకనుంచి వెచ్చటి అరచెయ్యి వీపుమీద వేసినట్టయింది. పెద్దక్క అద్దంపెంకుల్ని పక్కకు నెట్టి, నింపాదిగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్ళు పైకెత్తి, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది.

"కంట్రోల్ రూమ్. చెప్పమ్మా, ఏం జరిగింది?"

కత్తి ఆగింది.

"చెప్పు తల్లీ. నేనున్నాను. నీకు ఏమవుతోంది?"

బీరువా మీది ఆకారం తల పక్కకు వాల్చింది. నాలుగు గొంతులు మూడయ్యాయి... రెండయ్యాయి... చివరికి ఒక్కటే మిగిలింది. సన్నగా, గుసగుసగా...

"అక్కా... నన్ను గదిలో పెట్టి తాళం వేశాడు..."

పెద్దక్క ఏ గొంతు కోసం ఎనిమిదేళ్ళు నిద్ర పోగొట్టుకుందో ఆ గొంతు!

"చచ్చిన పెళ్ళాన్ని కూడా దాసీని చేసుకున్నాడా నీచుడు!" గుమ్మంలోంచి తమ్ముడు పళ్ళు కొరికాడు. ఆమె వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి వాణ్ణి ఆపింది.

"నిన్ను ఏం పెట్టి కట్టాడు, చెల్లీ?"

"నా తల తీసుకున్నాడక్కా. గోతిలోంచి తవ్వి తీశాడు. రోజూ నిప్పు పెడతాడు. మాట వినకపోతే మళ్ళీ ఆ గదిలో పెడతానంటాడు. చీకటి గది. దాహం... చచ్చినా తీరలేదక్కా దాహం! నాకు భయం..."

"ఏయ్ దాసీ!" స్పీకరు బద్దలయ్యేలా గర్జించాడు నల్లదుప్పటి. "ఆపు! పొడు! నా ఆజ్ఞ! పొడు!"

మరదలి ఒళ్ళు విల్లులా వంగింది. కత్తి మళ్ళీ లేచింది. గోడలు బీటలు వారాయి. బయట గుడ్లగూబ పిచ్చెక్కినట్టు రెక్కలు కొట్టుకుంటోంది!

"వాడి మాట వినకు. నా మాట విను," అంది పెద్దక్క. గొంతు ఒక్క మెట్టు ఎక్కలేదు. "ఆ రోజు నేను పంపిన బండి ఆలస్యంగా వచ్చింది. నన్ను క్షమించు. ఇవాళ నేనే వచ్చాను. ఊపిరి తీసుకో. నీకిప్పుడు ఊపిరి లేకపోయినా తీసుకున్నట్టు అనుకో. ఆ... అలా. వాడు నిన్ను కపాలంతో కట్టలేదమ్మా. భయంతో కట్టాడు. నన్నూ దాంతోనే కట్టాలని చూస్తున్నాడు. మనిద్దరికంటే, వాడికంటే పెద్దావిడ ఒకరున్నారు. నన్ను కన్నమ్మని కన్నావిడ... నిన్ను కన్నమ్మని కన్నదీ ఆవిడే. నాతోపాటు పిలు."

"ఏమని పిలవాలక్కా?"

"అమ్మా అని. అంతే."

ఉరుములు కూడా ఊపిరి బిగబట్టాయి!

"అమ్మా..."

ఆ పిలుపుకు గదిలో వెలుగు నిండింది. మెరుపు వెలుగు కాదు. మెరుపు వచ్చి పోతుంది. ఇది వచ్చి నిలిచింది! పొయ్యి ముందు కూర్చున్న తల్లి ఒడిలా వెచ్చగా, సహస్రసూర్యప్రభాభాసురంగా... చూసే కళ్ళకు మాత్రం చల్లగా. కత్తి జారి నేలమీద పడింది. మరదలు పండుటాకులా బీరువా మీదినుంచి జారింది. తమ్ముడు ఒక్క గెంతులో వచ్చి చేతుల్లో పట్టుకున్నాడు.

గది మధ్యలో ఒక ఆడపిల్ల నీడ నిలబడి ఉంది. మెడపైన తల లేదు. అయినా ఆ నీడ మాట్లాడింది. ఇప్పుడు ఆ గొంతులో గుసగుస లేదు.

"దాహం తీరిందక్కా. భయం పోయింది." ఆగింది. "ఇక మిగిలింది ఒక్కటే! నా తల నాకు కావాలి. వాడి లెక్క వాడికి చెప్పాలి!"

కిటికీ రెక్కలు ఫెళ్ళున తెరుచుకున్నాయి. నీడ గాలిలో కలిసింది. పిట్టగోడమీది గుడ్లగూబ ఒక్కసారి ముడుచుకుని, గుప్పెడు బూడిదై రాలిపోయింది!

ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

ముందు వాడి తిట్లు వినిపించాయి. తర్వాత మంత్రాలు... హ్రస్వాలు, దీర్ఘాలు కలిసిపోయి, తడబడుతూ. తర్వాత ఇనుపకాగులు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత...

"పుర్రె... పుర్రె నావైపు తిరిగింది! కళ్ళు... దానికి కళ్ళు వచ్చాయి! వద్దు! వలయం దాటకు! నా ఆజ్ఞ!"

టక్... టక్... టక్... పళ్ళు కొరుకుతున్న చప్పుడు. దగ్గరవుతోంది.

"తలుపు! తలుపుకి తాళం ఎవరు వేశారు! తియ్యండి! ఎవరైనా తియ్యండి! అమ్మా... పెద్దమ్మా... నువ్వు వింటున్నావ్, నాకు తెలుసు! కాపాడు! నన్ను కాపాడు!"

పెద్దక్క మరదలి పొట్టమీది గీతను శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకుని ఉంది. గీత పైపైదే. ఆమె ఫోను వంక చూసింది. ఎర్రబటను ఒక్కసారి నొక్కితే చాలు. ఆ గొంతు ఉండదు. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన చావు అది... నొక్కెయ్యి, నొక్కెయ్యి అంటోంది లోపల ఏదో!

"పెట్టెయ్ అక్కా," అన్నాడు తమ్ముడు. "చావనీ వెధవని!"

ఆమె నొక్కలేదు. ఒక్క రెప్పపాటు కళ్ళు మూసుకుంది.

"విను. పరిగెత్తకు," అంది. "ఉన్నచోటే కూర్చో. ఊపిరి గట్టిగా పీల్చి వదులు. ఆ పిల్ల కాళ్ళమీద పడు. చేసింది తప్పని నోరారా చెప్పు. తర్వాత, నువ్వు నమ్మిన దేవుణ్ణి ఎవరినైనా పిలువు. మనసారా పిలువు. వస్తారు."

అవతల ఏడుపు వినిపించింది. చిన్నపిల్లాడి ఏడుపులా.

"ఎవరిని పిలవాలి? నేనెవరినీ నమ్మలేదు! అందరినీ కట్టేశాను... కొట్టి పని చేయించుకున్నాను... నేను పిలిస్తే ఎవరొస్తారు?"

"తప్పని చెప్పు ముందు. ఆ పిల్లకి చెప్పు."

"ఈ దాసీదానికా! నేనా!"

అదే వాడి ఆఖరి మాట.

ఆకాశం బద్దలైంది! భూమి కంపించింది! కంట్రోల్ రూమ్ అద్దాలు గడగడలాడాయి. ఊరి చివర ఫ్యాక్టరీ పొగగొట్టం మీద పడ్డ పిడుగు దాన్ని నడిమికి చీల్చుకుంటూ దిగింది. ఫోనులోంచి ఒక కేక వినిపించింది. పొడవాటి, భయంకరమైన, మనిషిది కాని కేక! వాడు పొద్దుటినుంచీ ఎదురుచూసిన ఆ ఒక్క కేక... వాడి గొంతులోంచే వచ్చింది. హోమానికి ఆహుతి కావాలి మరి!

లైను తెగిపోయింది.

మేఘాలు విచ్చుకున్నాయి. అప్పుడు మొదలయ్యాయి మరదలికి నొప్పులు.

"వదినా," అంది ఆ పిల్ల కళ్ళు తెరిచి, తన సొంత గొంతుతో. "ఏమైంది నాకు? ఇంకా నెల ఉందిగా..."

"ఏం కాలేదు. తొందరపడుతోంది మన బంగారం. నా చెయ్యి పట్టుకో. ఊపిరి... నేను లెక్కపెడతాను."

బండి నలభై నిమిషాలకు కాదు, యాభై నిమిషాలకు వచ్చింది. డాక్టరమ్మ మెట్లెక్కేసరికి ఆడపిల్ల పుట్టేసి, పెద్దక్క చేతుల్లో, పాత తువ్వాలులో, కాళ్ళు తన్నుకుంటూ అరుస్తోంది.

మూడో రోజు ఫ్యాక్టరీలో వెతికినవాళ్ళకు ఒక మసివలయం, అందులో మనిషి ఆకారంలో కాలిన మచ్చ దొరికాయి. దుప్పటి చెక్కుచెదరలేదు. దాని కింద ఎవరూ లేరు. తలుపుకి బయట తాళం లేదు, లోపల గడియా లేదు. కపాలం మాత్రం ఆ వలయానికి అవతల, కిటికీలోంచి ఎండ పడేచోట, ఎవరో జాగ్రత్తగా పెట్టినట్టు ఉంది. పెద్దక్క అధికారుల్ని అడిగి తెచ్చుకుని, తన చేతులతో ఆ పిల్ల గోతిలోనే పెట్టి మట్టి కప్పింది. చివర్లో ఒక చెంబుడు మంచినీళ్ళు పోసింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో తమ్ముడు ఆమె పక్కన కూర్చున్నాడు. నుదుటికి కట్టు. ఒళ్ళో కూతురు.

"అక్కా, ఒకటి అడగనా? ఆ రోజు వాడు చస్తుంటే కూడా కూర్చో, ఊపిరి పీల్చు, దణ్ణం పెట్టు అని చెప్పావు. వాడు బతకాలనే చెప్పావా?"

"ఫోను చేసినవాళ్ళు ఎవరైనా చెప్పాల్సిందే కదరా. చెప్పినట్టు విని ఉంటే బతికేవాడు."

"మరి, వినలేదు. పోయాడు. అప్పుడేమనిపించింది?"

పెద్దక్క మేనకోడలి వైపు వంగింది. బిడ్డ పిడికిలి విప్పి, చిన్న చిన్న గోళ్ళు ఒక్కొక్కటీ చూసింది.

"ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నానురా," అంది. "ఎనిమిదేళ్ళయింది అలా తిని."